పోగొట్టింది సంస్థలు... వెతుక్కోవలసింది ఇంటివాళ్లా?

2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు హర్యానాలోని ఫరీదాబాద్‌కు చెందిన ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 24 రాష్ట్రాలు, 8 మెట్రో నగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు అతని దగ్గర దొరికాయని ప్రకటించారు. విద్యార్థులు, ఉద్యోగులు, వాహన యజమానులు, జీఎస్టీ కట్టే వ్యాపారులు, క్యాబ్ ఎక్కేవాళ్లు... ఇలా 104 రకాలుగా విడగొట్టి, సరుకు అమ్మినట్టు అమ్ముతున్నాడన్నది కేసు. అంతకు కొద్ది రోజుల ముందే అదే పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలను అమ్ముతున్న మరో ముఠాను పట్టుకున్నారు.

ఇంత పెద్ద కేసు తర్వాత ఒక మామూలు కుటుంబానికి తెలియాల్సింది ఒక్కటే. ‘ఆ జాబితాలో మా ఇంటివాళ్ల పేర్లు ఉన్నాయా?’ ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఏర్పాటు మాత్రం ఏదీ లేకపోయింది. కంపెనీలకు నోటీసులు వెళ్లాయి, పేపర్లలో వార్తలు వచ్చాయి. వివరాలు పోయినవాళ్లకు మాత్రం ఎవరూ కబురు చెప్పలేదు.

అప్పటి నుంచీ ఇదే తంతు. ఏదో ఒక డేటా లీక్ వార్త వస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో ‘మీ వివరాలు లీకయ్యాయేమో చెక్ చేసుకోండి’ అంటూ ఒక లింకు తిరుగుతుంది. కొందరు నొక్కుతారు, కొందరు భయపడి వదిలేస్తారు. ఆ చెకింగ్ వల్ల ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నది చెప్పేవాళ్లు తక్కువ. ముస్లిం కుటుంబాల విషయంలో ఇది బ్యాంకులో డబ్బుతో ముగిసే వ్యవహారం కూడా కాదు.

ఈమెయిల్ కొడితే ఏం తెలుస్తుంది?

లీక్‌లను వెతికే వెబ్‌సైట్లలో ప్రపంచమంతా నమ్మేది ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’. ఆస్ట్రేలియాకు చెందిన భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013 డిసెంబరులో దీన్ని మొదలుపెట్టారు. ఈమెయిల్ చిరునామా టైపు చేస్తే, అది ఏయే లీక్‌లలో బయటపడిందో, దానితో పాటు ఇంకేం వివరాలు పోయాయో చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, పాస్‌వర్డ్ అడగదు. 2025 నవంబరులో ఒక్కసారే దాదాపు 200 కోట్ల ఈమెయిల్ చిరునామాలు, 130 కోట్ల పాస్‌వర్డ్‌లు ఇందులో చేరాయి. ఇవి ఏదో ఒక్క కంపెనీ సర్వర్ నుంచి పోయినవి కావు. చాలావరకు పాత లీక్‌ల నుంచి ఏరి కూడబెట్టినవి.

పాస్‌వర్డ్ బయటపడిపోయిందో లేదో చూసే సదుపాయం కూడా అక్కడ ఉంది. ఇందులో పాస్‌వర్డ్ అవతలికి వెళ్లదు. దాన్ని రహస్య లిపిలాంటి వరుసగా మార్చి, ఆ వరుసలోని మొదటి 5 అక్షరాలను మాత్రమే పంపుతారు. మిగతా పోలిక సొంత ఫోన్‌లోనే జరిగిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ కూడా దాచుకున్న పాస్‌వర్డ్‌లలో లీకైనవి ఏవో చూపిస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ వెతుకులాట నడిచేది ఈమెయిల్ ఆధారంగా. తెలుగు నేల మీద చాలా ఇళ్లలో ఈమెయిల్ అంటే ఫోన్ కొన్న రోజు షాపు కుర్రాడు తయారుచేసి ఇచ్చినది. అదేమిటో కూడా ఇంట్లో పెద్దవాళ్లకు తెలియదు. బ్యాంకు ఖాతా, ఆధార్, గ్యాస్, రేషన్, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్ అన్నీ నడిచేది మొబైల్ నంబరు మీద. సైబరాబాద్ కేసులో అమ్ముడుపోయిన జాబితాల్లాంటివి ఈ వెబ్‌సైట్‌కు చేరతాయన్న హామీ లేదు. కాబట్టి అక్కడ ‘ఏమీ దొరకలేదు’ అని వస్తే, ఆ ఈమెయిల్ వాళ్లకు చేరిన లీక్‌లలో లేదని మాత్రమే అర్థం. వివరాలు భద్రంగా ఉన్నాయని కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆధార్ నంబరో, ఫోన్ నంబరో కొడితే లీక్ వివరాలు చూపిస్తామనే టెలిగ్రామ్ బాట్‌లు, ఊరూ పేరూ లేని వెబ్‌సైట్లు కొన్ని తిరుగుతుంటాయి. 2023 జూన్‌లో ఇలాంటి టెలిగ్రామ్ బాట్‌లో ఫోన్ నంబరు కొడితే, కోవిడ్ టీకా కోసం కోవిన్‌లో ఇచ్చిన పేరు, పుట్టిన సంవత్సరం, గుర్తింపు కార్డు నంబరు బయటికి వచ్చాయి. కోవిన్ పోర్టల్ భద్రంగానే ఉందని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ తర్వాత బీహార్‌లో అరెస్టు జరిగింది. ఇలాంటి చోట తన నంబరు కొట్టి చూసుకున్నవాడు, ఆ నంబరు వాడుకలో ఉందని దొంగకు తనే చెప్పినట్టు. ఆధార్, పాన్, ఓటీపీ అడిగే ఏ ‘లీక్ చెకర్’ జోలికీ పోకూడదు.

దొంగతనం, నిర్లక్ష్యం, వ్యాపారం

వివరాలు ఇంటి గడప దాటే దారులు మూడు. మొదటిది దొంగతనం. 2021 మేలో ఎయిర్ ఇండియా తన ప్రయాణికుల్లో దాదాపు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయని చెప్పింది. టికెట్ల వ్యవస్థను నడిపే సీటా అనే సంస్థపై జరిగిన సైబర్ దాడి దీనికి కారణం. 2011 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరి దాకా నమోదైన పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్ట్ వివరాలు, టికెట్ సమాచారం, కొందరి క్రెడిట్ కార్డు వివరాలు అందులో ఉన్నాయి. నిజామాబాద్, కరీంనగర్, కడప, హైదరాబాద్ పాతబస్తీ నుంచి గల్ఫ్‌కు వెళ్లి వచ్చే కుటుంబాలకు ఆ పదేళ్లు ఎలాంటివో చెప్పక్కర్లేదు. పాస్‌వర్డ్ పోతే 5 నిమిషాల్లో మార్చుకోవచ్చు. పాస్‌పోర్ట్ నంబరు పదేళ్లు అదే ఉంటుంది. పుట్టిన తేదీ ఎప్పటికీ మారదు.

2024లో స్టార్ హెల్త్ బీమా సంస్థ ఖాతాదారుల వివరాలు, వైద్య రికార్డులతో సహా, టెలిగ్రామ్ బాట్‌ల ద్వారా దొరుకుతున్నాయన్న వార్త దేశాన్ని కుదిపింది. అదే ఏడాది తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్‌లోకి చొరబడిన కేసులో 20 ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేశారు. ఆపదలో ఉన్న ఆడవాళ్లతో సహా జనం ఫిర్యాదు చేసుకోవడానికి పెట్టిన యాప్ అది.

రెండో దారి నిర్లక్ష్యం. ఇందులో దొంగ తాళం పగలగొట్టక్కర్లేదు, తలుపు తెరిచే ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.3 లక్షల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, చిరునామాలు ఎవరికైనా కనిపించేలా ఉన్నాయని హైదరాబాద్‌కు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి బయటపెట్టారు. ఆ పేజీల్లో కులం, మతం కూడా ఉన్నాయి. మతాన్ని బట్టి, కులాన్ని బట్టి జాబితాను వడగట్టి చూసే వీలుంది. అంటే ఫలానా ఊళ్లో ముస్లిం ఇళ్లు ఏవి, వాళ్ల బ్యాంకు ఖాతా ఎక్కడ ఉంది అన్నది ఇంటర్నెట్ ఉన్న ప్రతివాడికీ అందుబాటులో ఉంది. వార్తలు వచ్చాక ఆ పేజీలు తొలగించారు. అప్పటిదాకా ఎవరెవరు చూశారో, ఎవరు దాచుకున్నారో ఆ లబ్ధిదారులకు తెలిసే దారి లేదు. ఇల్లు కోసం దరఖాస్తు పెట్టుకున్న పేదవాడు ఆ గడిలో మతం రాయను అనగలడా?

అదే ఏడాది జూన్‌లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే వ్యక్తి అరెస్టు ఇంకో సంగతి బయటపెట్టింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేసి, వాటి మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు తయారుచేసి, వేలల్లో సిమ్‌లు యాక్టివేట్ చేశాడన్నది ఆ కేసు. ఇల్లు కొన్న నాటి వేలిముద్ర, ఊళ్లో ఎవరి చేతిలోనో సిమ్ కార్డుగా మారిపోయింది.

మూడో దారి వ్యాపారం. 2020 నవంబరులో అమెరికా వార్తాసంస్థ వైస్‌కు చెందిన ‘మదర్‌బోర్డ్’ ఒక కథనం ప్రచురించింది. నమాజ్ వేళలు, ఖిబ్లా దిశ చూపించే ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి వాడకందారులు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరుతోందని, ఆ కంపెనీ కస్టమర్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని రాసింది. సైన్యానికి నేరుగా అమ్ముతున్నామన్న మాట అబద్ధమని యాప్ యాజమాన్యం చెప్పింది. అయినా ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంది. అప్పటికి ఆ యాప్ డౌన్‌లోడ్‌లు ప్రపంచవ్యాప్తంగా 9 కోట్లు దాటాయి. ఇక్కడ హ్యాకింగ్ లేదు, దొంగ లేడు. ‘అలౌ’ అన్న బటన్ నొక్కించుకుని జరిగిన వ్యాపారం ఇది. ఏ లీక్ చెకర్‌లో వెతికినా ఇది కనబడదు.

ఫోటో కూడా వివరమే

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరిలో ‘బుల్లీ బాయి’. ముస్లిం మహిళల ఫోటోలను వాళ్ల సోషల్ మీడియా ఖాతాల నుంచి తీసుకుని, వేలం పేరుతో అవమానించిన ఈ రెండు ఉదంతాలను ఖౌమ్ మర్చిపోలేదు. విలేకరులు, విద్యార్థినులు, హైదరాబాద్‌కు చెందిన వయసు పైబడిన సామాజిక కార్యకర్త కూడా ఆ జాబితాలో ఉన్నారు. అక్కడ ఏ సర్వర్ నుంచీ ఏమీ లీక్ కాలేదు. ఎదురుగా కనిపించే ఫోటో, పేరు చాలాయి.

ఈ వెలుగులో చూస్తే, వాట్సాప్ రిష్తా గ్రూపుల సంగతి ఆలోచించాల్సిందే. పెళ్లీడుకొచ్చిన అమ్మాయి బయోడేటాలో ఏముంటుంది? ఫోటో, పుట్టిన తేదీ, ఎత్తు, చదువు, అబ్బాజాన్ ఉద్యోగం, అన్నదమ్ముల జీతాలు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు. వందల మంది ఉన్న గ్రూపులో ఒక్కసారి పడితే, నికాహ్ అయిపోయి పిల్లలు పుట్టిన తర్వాత కూడా ఆ పీడీఎఫ్ ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది. మోసగాడికి బ్యాంకు సర్వర్ పగలగొట్టే కష్టం కూడా అక్కర్లేదు. పేరు, పుట్టిన తేదీ మాత్రం పెట్టి, ఫోటో, చిరునామా రెండు కుటుంబాల పెద్దలు మాట్లాడుకున్నాకే ఇచ్చే పద్ధతి కొందరు మధ్యవర్తులు పాటిస్తున్నారు. అది అందరూ పాటించదగ్గది.

నిజంగా చూసుకోవాల్సిన చోట్లు

వివరాలు బయటపడ్డాయా అని వెతకడం కన్నా, వాటిని ఎవరైనా వాడుకుంటున్నారా అని చూడటం ఇంటికి ఎక్కువ పనికొస్తుంది. ఆ జాడలు కనిపించేవి ప్రభుత్వ, బ్యాంకు రికార్డుల్లోనే. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఒక ఆదివారం కూర్చుంటే పెద్దవాళ్లందరివీ చూసేయవచ్చు.

మొదట సిమ్‌లు. టెలికం శాఖ ‘సంచార్ సాథీ’ వెబ్‌సైట్‌లో మొబైల్ నంబరు, ఓటీపీ ఇస్తే ఆ వ్యక్తి పేరు మీద ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 ఉండొచ్చు. తెలియని నంబరు కనిపిస్తే ‘ఇది నాది కాదు’ అని అక్కడే గుర్తు పెట్టవచ్చు. ఇదే పేరుతో ఉన్న యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే పెట్టాలన్న ఆదేశాన్ని 2025 డిసెంబరులో విమర్శలు రావడంతో కేంద్రం వెనక్కి తీసుకుంది. యాప్ వద్దనుకునేవాళ్లకు వెబ్‌సైట్ సరిపోతుంది.

తర్వాత ఆధార్. ‘మైఆధార్’ వెబ్‌సైట్‌లో ఆథెంటికేషన్ హిస్టరీ అనే భాగం ఉంటుంది. గత 6 నెలల్లో ఆ ఆధార్‌ను ఎప్పుడు, ఏ పద్ధతిలో, వేలిముద్రతోనా ఓటీపీతోనా, వాడారో అక్కడ తెలుస్తుంది. ఇంట్లో ఉన్న రోజున ఎక్కడో వేలిముద్ర పడినట్టు కనిపిస్తే 1947కు ఫోన్ చేయాలి. అక్కడే వేలిముద్రలను లాక్ చేసుకోవచ్చు. దొంగ వేలిముద్రతో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసే మోసానికి ఇది గట్టి అడ్డుకట్ట. ఒక్క జాగ్రత్త. లాక్ వేసి మర్చిపోతే రేషన్ షాపులో, పింఛను దగ్గర వేలిముద్ర పడదు. నానీమా క్యూలో నిలబడి తిరిగి వచ్చేయాల్సి వస్తుంది. ఆ ముందు రోజు తాత్కాలికంగా తెరిచి పెట్టే పని ఇంట్లో ఒకరు గుర్తుంచుకోవాలి.

మూడోది అప్పులు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలు ప్రతి ఒక్కరి అప్పుల చరిత్ర రాసి పెడతాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ‘మేం లోన్లు తీసుకోం, మాకెందుకు’ అనుకునే కుటుంబాలు ఈ రిపోర్టు వైపే చూడవు. వడ్డీ వ్యవహారాలకు దూరంగా ఉండే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. అప్పు జోలికే పోనివాడి పాన్ మీద అప్పు కనిపిస్తే, మోసం జరిగిందని వెంటనే తేలిపోతుంది. నిజానికి వాళ్లే ముందు చూసుకోవాలి.

నాలుగోది జీఎస్టీ. పోర్టల్‌లో పాన్ నంబరుతో వెతికితే దాని మీద ఏ వ్యాపారం రిజిస్టర్ అయిందో కనిపిస్తుంది. దినసరి కూలీ పేరు మీద కోట్ల వ్యాపారం ఉన్నట్టు పన్ను నోటీసు వచ్చిన వార్తలు దేశంలో చాలాసార్లు వచ్చాయి. ఎక్కడో ఇచ్చిన పాన్, ఆధార్ జిరాక్స్‌లే దానికి మూలం.

చివరగా ఫోన్‌లో వాట్సాప్ ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, తెలియని కంప్యూటర్ ఏదైనా కలిసి ఉందేమో చూడాలి. జిరాక్స్ ఇవ్వక తప్పని చోట ఆధార్‌లోని మొదటి 8 అంకెలు కనబడని ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వాలి. ఇవ్వాల్సి వచ్చిన కాపీ మీద ఎందుకోసం, ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో అడ్డంగా రాయాలి.

పేరు తెలిసినంత మాత్రాన పోలీసు కాడు

లీకైన వివరాలతో ఇవాళ జరుగుతున్న పెద్ద మోసం ‘డిజిటల్ అరెస్ట్’. అవతలివాడు పేరు, తండ్రి పేరు, చిరునామా, ఆధార్ చివరి అంకెలు గడగడా చదివేస్తాడు. ‘మీ పేరు మీద డ్రగ్స్ పార్శిల్ వచ్చింది’, ‘మీ ఖాతా నుంచి దేశద్రోహులకు డబ్బు వెళ్లింది’ అంటాడు. వీడియో కాల్‌లో యూనిఫాం కనిపిస్తుంది. అన్ని వివరాలూ తెలిసినవాడు నిజమైన అధికారే అయి ఉంటాడని నమ్మేస్తారు. అవే వివరాలు బజారులో వేలకు వేలు అమ్ముడుపోతున్నాయని తెలిస్తే ఆ నమ్మకం నిలబడదు.

2025 సెప్టెంబరులో హైదరాబాద్‌లో 70 ఏళ్లు దాటిన ఒక రిటైర్డ్ వైద్యురాలు ఇలాంటి ముఠా వేధింపుల తర్వాత గుండెపోటుతో చనిపోయారు. ఆమె ఖాతా నుంచి 6.6 లక్షలు పోయాయి. చదువుకున్న వైద్యురాలి గుండెనే ఆపేసిన భయం అది. అమాయకులు కేసుల్లో ఇరుక్కుని ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గి, చివరికి నిర్దోషులుగా బయటికి వచ్చిన కథలు విన్న ముస్లిం ఇళ్లలో ‘ఉగ్రవాదులతో సంబంధం’ అన్న ఒక్క మాటకు ఆ భయం రెట్టింపవుతుంది. మోసగాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పేరు చూసి బెదిరింపు మాట ఎంచుకుంటారు.

భారతదేశంలో డిజిటల్ అరెస్ట్ అనే చట్టం లేదు. 2024 అక్టోబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో కూడా ఈ మాటే చెప్పారు. ఏ పోలీసూ వీడియో కాల్‌లో అరెస్టు చేయడు, కేసు మాఫీకి డబ్బు వేయమనడు. అలాంటి ఫోన్ పెట్టేసి, ఇంట్లో ఇంకొకరికి చెప్పాలి. డబ్బు పోతే ఎంత త్వరగా 1930కి ఫోన్ చేస్తే అది అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. తెలంగాణలో దీనికోసం ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉంది. పరువు పోతుందని దాచుకుంటే లాభపడేది దొంగే.

చట్టం ఏం చెబుతోంది?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 9 మంది జడ్జీల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. దానికి ఆరేళ్ల తర్వాత, 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. సంస్థలపై అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి.

ఈ చట్టంలో మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి. డేటా లీకైతే ఆ సంస్థ డేటా రక్షణ బోర్డుతో పాటు, వివరాలు పోయిన ప్రతి వ్యక్తికీ ఆలస్యం చేయకుండా చెప్పాలి. ఏం పోయింది, దానివల్ల ఏం జరగొచ్చు, ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నది అర్థమయ్యేలా వివరించాలి. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా పడొచ్చు. వివరాలు అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. అడిగేవాళ్లు ఉంటేనే ఆ వీలు కాగితం దాటి వస్తుంది. 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

లోటు కూడా చిన్నది కాదు. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది. వివరాలు పోయినవాడికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి కేంద్రం తన సంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించుకోవచ్చు. మతం గడితో సహా జాబితా బయటపెట్టిన 2018 నాటి ఉదంతం ప్రభుత్వ సంస్థదేనని గుర్తు చేసుకుంటే, ప్రభుత్వానికి ఇచ్చే మినహాయింపుల మీద ఆందోళన ఎందుకో అర్థమవుతుంది.

ఇప్పటికున్న 2022 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లోపు సంస్థలు కేంద్ర ప్రభుత్వ సైబర్ విభాగం సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. అదే వార్త ఖాతాదారుకు చెప్పాలన్న గడువు వాటిలో లేదు. పోగొట్టినవాడు ఢిల్లీకి 6 గంటల్లో చెబుతాడు, పోగొట్టుకున్నవాడు మాత్రం ఆస్ట్రేలియా వెబ్‌సైట్‌లో వెతుక్కోవాలి. 2027 మే దాకా కంపెనీలను, ప్రభుత్వ శాఖలను గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇదే. లీకైతే ఎస్సెమ్మెస్‌లో, తెలుగులో, ఉర్దూలో, నేరుగా ఇంటికి ఎందుకు చెప్పరు?

ఖౌమ్ సంస్థల బాధ్యత

ఈ చట్టం బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు మాత్రమే అనుకుంటే పొరపాటే. కుటుంబ అవసరానికో, సొంత అవసరానికో దాచుకునే వివరాలను పక్కన పెడితే, కంప్యూటర్‌లో, ఫోన్‌లో జనం వివరాలు సేకరించే ఎవరికైనా ఇది వర్తిస్తుంది. జకాత్ పంచే ట్రస్టు, స్కాలర్‌షిప్ ఇచ్చే సొసైటీ, మదర్సా, ఉమ్రా ట్రావెల్స్, పెళ్లిసంబంధాల బ్యూరో... ఇవేవీ దీనికి బయట లేవు.

రంజాన్‌లో సాయం కోసం వచ్చిన వితంతువు దగ్గర ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ ఫోటోలు తీసుకుంటారు. అవి కమిటీలో ఎవరో ఒకరి ఫోన్ గ్యాలరీలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఉమ్రా ఏజెంటు వాట్సాప్‌లో వందల పాస్‌పోర్టులు పడి ఉంటాయి. ఆ ఫోన్ పోయినా, రిపేరుకు ఇచ్చినా, ఎవరో ఒక దొంగ యాప్ ఎక్కించినా, పోయేది వందల కుటుంబాల గుట్టు. వీటిలో ఏదీ వార్తల్లోకి రాదు, ఏ వెబ్‌సైట్‌లోనూ కనబడదు.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. అవసరం లేని పత్రం అడగకూడదు. పని అయిపోయాక, లెక్కలకు తప్పనిసరైనవి తప్ప, మిగతావన్నీ చెరిపేయాలి. ఎవరి దగ్గర ఏముందో కమిటీ రిజిస్టర్‌లో ఒక పేజీ రాసి పెట్టుకోవాలి. ఫోన్ పోతే ఆ కుటుంబాలకు అదే రోజు కబురు చేయాలి. సాయం తీసుకునేవాళ్ల ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టడం మానేయాలి. 2027 మే వచ్చాక నోటీసు అందుకుని హడావుడి పడే బదులు, వచ్చే రంజాన్ దరఖాస్తుల నుంచే మొదలుపెట్టవచ్చు.